జాతీయ ఉపకార వేతన పోటీకి వెళ్లే అమ్మాయిలు తీసుకోవలసిన జాగ్రత్తలు

అమెరికాలోని అలబామా రాష్ట్రం, మొబీల్ నగరంలో 1958లో జూనియర్ మిస్‌గా మొదలై, 2010లో డిస్టింగ్విష్డ్ యంగ్ విమెన్‌గా పేరు మార్చుకున్న ఈ పోటీలో పాల్గొనడానికి ప్రవేశ రుసుము లేదు కనుక, ఎవరైనా ఆ పేరుతో డబ్బు అడిగితే ముందుగా నిర్వాహకులను నేరుగా విచారించాలి.

చదువుకు, ముఖాముఖికి 25 శాతం చొప్పున, ప్రతిభా ప్రదర్శనకు 20, శారీరక దృఢత్వానికి, భావ వ్యక్తీకరణకు 15 శాతం చొప్పున మార్కులుంటాయి. అందువల్ల దుస్తుల ఎంపికకన్నా ముందు స్కూలు మార్కుల పత్రాలను సరిచూసుకోవడం అవసరం.

ప్రతిభా ప్రదర్శనకు ఇచ్చే సమయం 90 సెకన్లు మాత్రమే. కూచిపూడి నేర్చుకున్న అమ్మాయి పెద్ద అంశాన్ని వేగం పెంచి కుదించడానికి ప్రయత్నిస్తే తాళమూ అభినయమూ రెండూ దెబ్బతింటాయి. దానికి బదులు గురువుగారి సలహాతో ఒక జతిని (తాళానికి అనుగుణమైన అడుగుల వరుసను), దానికి తగిన చిన్న చరణాన్ని ఎంచుకుని, పాట గడువుకు కొన్ని సెకన్ల ముందే ముగిసేలా సిద్ధం చేయించుకోవడం మేలు. గజ్జెలు, పూర్తి ఆహార్యంతోనే సాధన చేయాలి. పాటను రెండు చోట్ల భద్రపరచుకోవాలి.

ముఖాముఖికి జవాబులు బట్టీ పట్టకూడదు. తల్లిదండ్రులు తమ అభిప్రాయాలను అమ్మాయి నోట పలికించాలని చూడకుండా, రోజూ ఒక వార్తపై ఆమె ఏమనుకుంటుందో అడిగి, ఓపికగా వినడం ఎంతో ముఖ్యం.

బరువు తగ్గాలని భోజనం మానడం ప్రమాదకరం, దానిని ఎవరు సూచించినా ఒప్పుకోవద్దు.

ఉపకార వేతనం ఏ కాలేజీకి వర్తిస్తుందో, ఎప్పటిలోగా వాడుకోవాలో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. వసతికి, భోజనానికి వాడిన మొత్తంపై అమెరికాలో ఆదాయపు పన్ను వర్తించవచ్చు కాబట్టి ఆ లెక్కను విడిగా రాసిపెట్టుకోవాలి.