బంతి, హాజరు పుస్తకం: డెల్టా ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్బు సేవా విభాగం నడిపే పద్ధతి

క్లబ్బు తరఫున ఊరికి ఏదైనా చేద్దామనుకోగానే మనవాళ్లకు ముందు తట్టేది పంపకం. నోటు పుస్తకాలు, దుప్పట్లు, ఒక ఫ్లెక్సీ, నాలుగు ఫొటోలు. వారం తిరిగేసరికి ఫ్లెక్సీ ఎవరి పశువుల పాక మీదో పరదా అవుతుంది. నిలిచే పని వేరు. వారానికి రెండు సాయంత్రాలు, అదే గ్రౌండు, అదే వేళ, ముప్పై మంది పిల్లలు, ఒక హాజరు పుస్తకం. ఈత నేర్పాలన్నా, బడి మానేసిన పిల్లను కనిపెట్టాలన్నా, వరదలో లంకలో (ఏటి మధ్య దిబ్బ మీది ఊళ్లో) ఎవరింటికి ఏం కావాలో తెలియాలన్నా ఆ పుస్తకమే ఆధారం.

గ్లాస్గోలో సెల్టిక్ క్లబ్బు 1887లో పుట్టిందే అక్కడి పేద పిల్లలకు అన్నం పెట్టే నిధి కోసం. లివర్‌పూల్‌లో ఎవర్టన్ క్లబ్బు సేవా సంస్థ 1988 నుంచీ నడుస్తోంది. అలాంటి పెద్ద క్లబ్బుల దగ్గర మనం నేర్చుకోదగ్గది డబ్బు ఖర్చు పెట్టడం కాదు, వేరు చేయడం. సేవా సంస్థను విడిగా నమోదు చేసి, ఖాతా విడిగా పెడతారు. సంక్రాంతి టోర్నమెంటుకి జెర్సీలు తక్కువైనప్పుడు పిల్లల డబ్బాలో చెయ్యి పడకుండా ఉండాలంటే మన ఊళ్లోనూ అదే దారి.

కాగితాలు

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదుకు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆశయాలు, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేస్తారు. ఆశయాల్లో ‘ఫుట్‌బాల్ అభివృద్ధి’ అని ఒక్క ముక్క రాసి వదిలేయవద్దు. ఈత శిక్షణ, బాలల ఆరోగ్యం, చదువు, విపత్తు సహాయం అన్నీ రాయండి. రేపు వరదకు ఖర్చుపెట్టినప్పుడు ఆడిటరు అడిగేది ఆ కాగితమే. ఏడుగురూ ఒకే వీధివాళ్లు, ఒకే బంధువర్గం కాకుండా చూసుకోండి. ఇద్దరైనా ఆడవాళ్లు ఉండాలి. ఆ తర్వాత పాన్ కార్డు, సంస్థ పేరున బ్యాంకు ఖాతా, చెక్కు మీద ఇద్దరి సంతకాలు. క్యూఆర్ కోడ్ సంస్థ ఖాతాదే ఉండాలి. కార్యదర్శి సొంత ఫోను నంబరుకు వేయించుకున్న మొదటి వంద రూపాయలతోనే గొడవ మొదలవుతుంది.

దాతకు పన్ను మినహాయింపు దొరకాలంటే జనం 80జీ అని పిలిచే గుర్తింపు ఆదాయపు పన్ను శాఖ నుంచి తెచ్చుకోవాలి. అది వచ్చాక కూడా 2,000 రూపాయలు దాటి నగదుగా ఇచ్చినదానికి మినహాయింపు వర్తించదు. పెద్ద మొత్తమైతే చెక్కో, బ్యాంకు బదిలీయో అడగండి.

మన ప్రాంతంలో అందరూ తడబడేది విదేశీ డబ్బు దగ్గర. కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేస్తూ భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, వాళ్లు మన ఊరి బిడ్డలే అయినా, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద అనుమతి లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. అందుకే విరాళం అడిగేటప్పుడే పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగి రసీదు పుస్తకంలో రాయండి. అడగడానికి మొహమాటపడితే తర్వాత ఆ డబ్బు వెనక్కి పంపడానికి అంతకంటే ఎక్కువ మొహమాటపడాలి. సంక్రాంతికి ఊళ్లోకి వచ్చినవాళ్ల దగ్గర చందా వసూలు చేయడం మంచిదే. కోళ్ల బరి నిర్వాహకుల దగ్గర, గుండాట దగ్గర మాత్రం తీసుకోవద్దు. పిల్లల పేరు మీద ఆ డబ్బు కలిస్తే తల్లులు పిల్లల్ని పంపరు.

గ్రౌండు, సామాను

జెడ్పీ హైస్కూలు గ్రౌండుకు మించింది లేదు. హెడ్మాస్టరు దగ్గర రోజులు, వేళలు రాసి అనుమతి తీసుకోండి. నోటిమాట అనుమతి హెడ్మాస్టరు బదిలీతో పోతుంది. దాళ్వా (రెండో పంట వరి) కోశాక ఖాళీ చేలో ఆడించాలని కొందరు చూస్తారు. వరి దుబ్బులు అరికాళ్లలో గుచ్చుకుంటాయి, నల్లరేగడి నెర్రెల్లో పడి చీలమండ మెలిపడుతుంది. లంక ఇసుక నేల మెత్తగా ఉంటుంది గానీ బంతి ఉరకదు, పిల్లలు తొందరగా అలసిపోతారు. గ్రౌండు అంచున కొబ్బరిచెట్లుంటే మట్టలు, కాయలు పడే మేర వదిలి ముగ్గు గీయండి, కాయల దింపు జరిగే రోజు ఆట ఆపండి. గీతలకు సున్నం వద్దు. చెమట కాళ్ల మీద మండుతుంది, కంట్లో పడితే ప్రమాదం. ఇంటి ముందు వేసే ముగ్గుపిండి చాలు.

ముప్పై మందికి నలభై మీటర్ల పొడవు, ముప్పై మీటర్ల వెడల్పు సరిపోతుంది. దాన్ని నాలుగు గళ్లు చేయండి, ఒక్కోటి ఇరవైకి పదిహేను. గడికి ఏడెనిమిది మంది. పెద్ద గోలు పోస్టులు (7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు) చిన్నవాళ్లకు అక్కర్లేదు. రెండు మీటర్ల ఎడంలో రెండు వెదురు గడలు అరమీటరు లోతున పాతి, పైచివర గుడ్డ చుట్టండి. పాతకుండా నేల మీద నిలబెట్టిన ఇనుప గోలు మాత్రం ఎవరు దానమిచ్చినా తీసుకోవద్దు. పిల్లలు దానికి వేలాడితే తలకిందులై మీద పడుతుంది.

బంతుల్లో ఎనిమిదేళ్లలోపు వాళ్లకు 3వ సైజు, ఎనిమిది నుంచి పన్నెండు వరకు 4, ఆపైన 5. ఇద్దరికి ఒక బంతి లెక్కన పదిహేను కావాలి. నాసిరకం కుట్టు బంతి వానలో నీళ్లు తాగి బరువెక్కుతుంది, గరుకు నేల మీద దారం తెగుతుంది. అచ్చు పోసిన రబ్బరు బంతులు చూడటానికి నాసిగా ఉన్నా ఎక్కువ కాలం వస్తాయి. గాలి కొట్టేముందు సూదిని తడపండి, పొడి సూది గుచ్చితే వాల్వు చిరుగుతుంది. నూనె రాయవద్దు, రబ్బరు చెడుతుంది. 5వ సైజుకు నియమం 0.6 నుంచి 1.1 వరకు అట్మాస్ఫియర్ల ఒత్తిడి. పిల్లలకు కింది అంకె చాలు. ఎండలో గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి నిండుగా కొట్టిన బంతిని మధ్యాహ్నం బయట వదిలితే కుట్లు విడిపోతాయి. సూదులు మూడు ఎక్కువ కొనండి. విరిగేవీ పోయేవీ అవే.

ఒక గడిలో అందరూ బూట్లతో ఆడాలి, లేదా అందరూ వట్టికాళ్లతో ఆడాలి. కలిపితే వట్టికాళ్ల పిల్లల గోళ్లు లేచిపోతాయి. ఇంకో సంగతి, ప్రాథమిక బడి వయసు పిల్లలకు తలతో కొట్టడం నేర్పవద్దు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2020లోనే ఆ వయసువాళ్ల శిక్షణలోంచి దాన్ని తీసేసింది.

సాయంత్రం

నాలుగున్నరకు మొదలై పావు తక్కువ ఆరుకు ముగించండి. చలికాలంలో అరగంట ముందుకు జరిపితే పిల్లలు వెలుతురుండగా ఇల్లు చేరతారు. మొదటి పది నిమిషాలు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు బంతితో. తర్వాత పావుగంట జోడీగా పాసులు. తర్వాత అరగంటకు పైగా నలుగురికి నలుగురు ఆట. మిగిలిన సమయం నీళ్లకూ, ఆరోగ్యం మీద ఒక్క మాటకూ. ఉపన్యాసం పది నిమిషాలు దాటితే వచ్చేవారం సగం మందే వస్తారు. నీళ్లు తలకు అరలీటరు, అంటే ముప్పై మందికి ఇరవై లీటర్ల క్యాను ఒకటి. ఏప్రిల్, మేల్లో పొద్దున్న ఆరుకే ఆట పెట్టి, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలిపి దగ్గరుంచుకోండి. అరలీటరు సీసాలో మొత్తం ప్యాకెట్టు కలపడం అందరూ చేసే తప్పు. అది మేలు చేయకపోగా విరేచనాలు పెంచుతుంది.

ఉరుము వినబడితే ఆపేయండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే మళ్లీ ఆట. వాన పడగానే కొబ్బరిచెట్ల కిందికి పరిగెత్తడం డెల్టా పిల్లల అలవాటు. పిడుగు ముందు పడేది అక్కడే. బడి స్లాబు కిందికి తీసుకెళ్లండి.

జట్లు పిల్లలే ఎంచుకుంటే పేట పిల్లలు ఒకవైపు, ఊళ్లోవాళ్లు ఒకవైపు తేలతారు. ఎవరూ చెప్పక్కర్లేదు, అలా జరిగిపోతుంది. వరసలో నిలబెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి పంచండి, ప్రతిసారీ మార్చండి. నీళ్లక్యాను ఒకటే, గ్లాసులు అందరివీ. ఇంటినుంచి విడిగా సీసా తెచ్చుకుంటామనే పెద్దలుంటారు. తెచ్చుకోనివ్వండి, కానీ వాళ్ల కోసం క్యాను పక్కకు జరపవద్దు.

ఆడపిల్లల కోసం గ్రౌండులో ఒక పెద్దావిడ తప్పనిసరి. కోచ్ కానక్కర్లేదు, అంగన్‌వాడీ టీచరైనా, ఎవరి పిన్నైనా సరే. నిక్కరే వేసుకోవాలనే పట్టుదల వద్దు, ట్రాక్‌ప్యాంటు, లెగ్గింగ్సు ఏదైనా పర్వాలేదు. ఏ పెద్దా ఒక్క పిల్లతోనో పిల్లాడితోనో ఒంటరిగా ఉండకూడదు, బండి మీద దింపడం కూడా వద్దు. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం, 2012 ప్రకారం అలాంటి అనుమానం కలిగితే పోలీసులకు తెలపడం బాధ్యత. పిల్లల సహాయ నంబరు 1098ని హాజరు పుస్తకం అట్ట మీద రాసి పెట్టండి.

పుస్తకం

బిడ్డ పేరు, వయసు, తరగతి, ఇంటి గుర్తు (‘రామాలయం వెనక, బోరు పక్కన’ అన్నట్టు), ఇంట్లో ఎవరితో ఉంటున్నారు, ఈత వచ్చా రాదా, ధనుర్వాతం టీకా (పదేళ్లకు, పదహారేళ్లకు వేసేది) పడిందా, పెద్దల ఫోను. గల్ఫ్ వలసల ఊళ్లలో ‘ఎవరితో ఉంటున్నారు’ అనే గడే ముఖ్యం. అమ్మ కువైట్‌లో, నాన్న మస్కట్‌లో, పిల్లాడు అమ్మమ్మ దగ్గర. ఫోను చేయాల్సింది ఆవిడకే.

వరసగా రెండుసార్లు రాకపోతే మూడోరోజు ఇంటికి వెళ్లండి. మందలించడానికి కాదు, బంతి చంకలో పెట్టుకుని. నాట్లప్పుడు, కోతలప్పుడు, రొయ్యల షెడ్లలో పని ఎక్కువైనప్పుడు హాజరు పడిపోతుంది. పడిన తారీకులు చూస్తే ఎవరు పనికి వెళ్తున్నారో తెలుస్తుంది. అది బడి టీచరుకు చెప్పండి. బడికి రానివాళ్లను ఆటకు రానివ్వం అనే నియమం మాత్రం వద్దు. బడి వదిలిన పిల్లాడు ఇంకా వస్తున్న చోటు అదొక్కటే కావచ్చు, దాన్నీ మూసేస్తే మిగిలేది షెడ్డే.

నీళ్లు

పుస్తకంలో ఈత గడి నింపాక బాధ కలుగుతుంది. కాలవ గట్టున పుట్టి ఈత రానివాళ్లు చాలామంది తేలతారు. నేర్పడానికి పంటకాలవ పనికిరాదు. ప్రవాహం ఉంటుంది, తూముల దగ్గరా లాకుల దగ్గరా నీరు కిందికి లాగుతుంది. చేపల చెరువు అసలు వద్దు. గట్లు నిటారుగా జారుడుగా ఉంటాయి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల కరెంటు తీగలు నీళ్లలోనే ఉంటాయి. మంచినీళ్ల చెరువు పంచాయతీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. మెట్ల రేవు ఉన్న వాడుక చెరువు చూసుకుని పంచాయతీ అనుమతి రాయించుకోండి. అందరికంటే పొట్టి పిల్లాడి ఛాతీ లోతు దగ్గర వెదుళ్లు పాతి తాడు కట్టండి. అది దాటకూడదు. నలుగురు పిల్లలకు నీళ్లలో ఒక ఈతగాడు, గట్టు మీద లెక్కపెట్టడానికే ఒక మనిషి. పిల్లలకు జోడీలు కట్టి, ఐదు నిమిషాలకొక విజిలు వేయండి, జోడీలు చేతులు పట్టుకుని పైకెత్తాలి. లెక్క తప్పితే ముందు నీళ్లలో వెతకాలి, ఇంటికి ఫోను తర్వాత.

ఈతతో పాటు నేర్పాల్సింది దూకకుండా కాపాడటం. ముందు అరవాలి, తర్వాత కర్రో చీరో అందించాలి, అందకపోతే తేలేది విసరాలి. మునుగుతున్నవాణ్ణి చూసి వెంట దూకిన రెండోవాడు కూడా పోవడం మన కాలవల్లో తెలిసిన సంగతే. ఐదు లీటర్ల మూతగట్టి క్యాను తీసుకుని, లోపల ఒక టీ గ్లాసు నీళ్లు పోయండి. వట్టిది విసిరితే గాలికి పక్కకు పోతుంది. పదిహేను మీటర్ల నైలాన్ తాడు పిడికి కట్టి రేవు దగ్గర కొయ్యకు వేలాడదీయండి. వారంలో ఎవరో నూనెకు పట్టుకుపోతారు. అందుకే ఎర్ర రంగు పూసి, ఆదివారం ఆదివారం చూసి రావడం ఒకరికి అప్పజెప్పండి.

బయటికి తీసిన పిల్లాణ్ణి తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కడం మానిపించాలి. కడుపులో నీళ్లు, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి నోటిలోకి ఐదుసార్లు ఊదండి. తర్వాత 30 సార్లు ఛాతీ నొక్కడం, 2 సార్లు ఊదడం, 108 వచ్చేదాకా. పీహెచ్‌సీ వాళ్లను పిలిచి బొమ్మ మీద అందరిచేతా చేయించండి. విన్నదానితో చేతులు కదలవు.

వరద

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక పడ్డప్పుడే పుస్తకం తెరవండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13కు రెండోది, 17కు మూడోది. మొదటిదానికే లంక గ్రౌండులో ఆట ఆపి, బంతులు ఏటిగట్టు ఇవతలికి చేర్చండి. పుస్తకంలోని లంక ఇళ్లకు ఫోను చేసి ముసలివాళ్లు, బాలింతలు, మంచాన పడ్డవాళ్లు ఎక్కడెక్కడున్నారో రాసి గ్రామ సచివాలయంలో ఇవ్వండి. రెండో హెచ్చరిక తర్వాత క్లబ్బు కుర్రాళ్లు పడవెక్కకూడదు. ఈత వచ్చినవాళ్లకే ఈ మాట గట్టిగా చెప్పాలి.

సాయంలో సగం వృథా పోయేది తెలియక. సాంబారన్నం పొట్లాలు రెండు పూటలు గడవకుండా పులుస్తాయి, పులిహోర నిలుస్తుంది. పాత బట్టలు గట్టు మీద కుప్పలై తడుస్తాయి. నిజంగా అందనివి తాగునీళ్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పాలపొడి, శానిటరీ ప్యాడ్లు, టార్పాలిన్లు, పశువులకు ఎండుగడ్డి. రోడ్డు పక్క ఇళ్లకు నాలుగుసార్లు అందుతుంది, చివరి పాయ అవతలికి ఒక్కసారీ అందదు. పుస్తకంలో ఇంటి గుర్తులున్నవాళ్లు అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ఇచ్చిన ప్రతి ఇంటి ఎదురుగా టిక్కు.

నీరు తీశాక గ్రౌండు మీద ఒండ్రు మేట ఎండి పెచ్చులు లేచేదాకా ఎవర్నీ దిగనివ్వద్దు. తర్వాత పెద్దవాళ్లు బూట్లతో, కర్రలతో వరసగా నడిచి గాజు పెంకులు, మేకులు, పాములు చూడాలి. అప్పటిదాకా పునరావాసం నడుస్తున్న బడి ఆవరణలోనే, వారం తిరక్కుండా, పాత వేళకే ఆట పెట్టండి. ఆ రోజు పేర్లు పిలిచి, పలకని పేర్ల కింద గీత గీసి, మర్నాడు పొద్దున్నే ఆ ఇళ్లకు వెళ్లండి.