ప్యానెల్ పాఠంలో జట్టుపని: బీఈడీ ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేవారి కోసం

బీఈడీ రెండేళ్ల కోర్సుగా మారిన 2015-16 నుంచి ఛాత్రోపాధ్యాయులు, అంటే ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న విద్యార్థులు, మొత్తం 20 వారాలు బడుల్లో ఇంటర్న్‌షిప్ చేయవలసి ఉంటోంది. ఆ బడి ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల అయితే, తరగతి గదిలో ఐఎఫ్‌పీ, అంటే అందరూ ప్యానెల్ అని పిలిచే పెద్ద టచ్ స్క్రీన్, ఉండే అవకాశం ఎక్కువ. కళాశాలలో సూక్ష్మబోధన, అంటే కొద్ది నిమిషాల సాధన పాఠం, చేసేటప్పుడు ఎదుట కూర్చునేది తోటి ఛాత్రోపాధ్యాయులే కనుక అల్లరి ఉండదు, అడిగిన ప్రశ్నకల్లా జవాబు వస్తుంది. అసలు పిల్లల ముందు ప్యానెల్‌నూ జట్టుపనినీ ఒకే పీరియడ్‌లో నడపవలసి రావడం ఇంటర్న్‌షిప్‌లోనే మొదలవుతుంది. ఈ రెండింటికీ స్వతహాగా పొత్తు కుదరదన్న సంగతి ముందే గ్రహించాలి. ప్యానెల్ తరగతి మొత్తం చూపునూ ఒకేచోటికి లాగుతుంది. జట్టుపని సాగాలంటే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. కాబట్టి ప్యానెల్‌ను ఏ నిమిషంలో ఆపాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే అందులో ఏం చూపించాలో పాఠ్యపథకంలో రాసుకోవాలి.

పదో తరగతి విద్యుత్ పాఠంలోని శ్రేణి (బల్బులను ఒకదాని వెనుక ఒకటి ఒకే దారిలో కలపడం), సమాంతర (ఒక్కోదాన్ని విడి దారిలో కలపడం) సంధానాలను ఉదాహరణగా తీసుకుందాం. దీనికి అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే నమూనా ప్రయోగాలు, చక్కగా సరిపోతాయి. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఈ సిమ్యులేషన్లు ఉచితం. ఫైలుగా దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. బడి వైఫైని నమ్ముకోకుండా ఆ ఫైలును పెన్ డ్రైవ్‌లో వేసుకుని, ముందురోజు సాయంత్రం బడి వదిలాక అదే గదిలో, అదే ప్యానెల్ మీద ఒకసారి తెరిచి చూడాలి. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో తెరుచుకున్న ఫైలు ప్యానెల్‌లో మొరాయించడం మామూలే. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ ద్వారా వచ్చే దీక్షా (ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక) వీడియోలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. యాప్‌లో ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు.

సిమ్యులేషన్‌లో ఒక చిక్కుంది. తీగలో కదిలే నీలి చుక్కలు ఎలక్ట్రాన్లు కనుక అవి బ్యాటరీ రుణధ్రువం నుంచి ధనధ్రువం వైపు పోతాయి. విద్యుత్ ప్రవాహం ధనధ్రువం నుంచి బయలుదేరుతుందని పుస్తకంలో చదివిన పిల్లవాడు తెర మీద దానికి వ్యతిరేకంగా చూసి తికమకపడతాడు, పైగా ఆ సందేహాన్ని పైకి అడగడు. ఆ చుక్కలకు బదులు సంప్రదాయ ప్రవాహ దిశలో బాణాలు చూపించే ఎంపికను ముందే పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇక పీరియడ్ మొదలయ్యాక ప్యానెల్ మీద 9 వోల్టుల బ్యాటరీకి ఒకే బల్బు కలిపి చూపించి, రెండో బల్బును శ్రేణిలో కలపబోయే ముందు ఆపేయాలి. తెరను నల్లగా చేసేయడమే మంచిది, ఎందుకంటే బొమ్మ కనిపిస్తున్నంతసేపూ పిల్లల కళ్లు అటే ఉంటాయి. రెండో బల్బు కలిపితే మొదటిదాని వెలుగు తగ్గుతుందా, అలాగే ఉంటుందా, రెండింటిలో ఏది ఎక్కువ వెలుగుతుంది అన్న ప్రశ్నను నల్లబల్ల మీద రాసి, ప్రతి విద్యార్థీ తన జవాబును నోటుపుస్తకంలో సొంతంగా రాసుకోవడానికి ఒక నిమిషం ఇవ్వాలి. చాలామంది ఈ నిమిషాన్ని దాటవేసి నేరుగా జట్లలోకి పంపుతారు. అప్పుడు ప్రతి జట్టులోనూ మొదట నోరు తెరిచినవాడి మాటే జట్టు మాటగా చెలామణి అవుతుంది.

జట్టుకు నలుగురు చాలు. ఆరుగురైతే ఇద్దరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు. బెంచీలు కదపలేని గదిలో ముందు బెంచీవాళ్లను వెనక్కి తిరగమంటే జట్టు ఏర్పడినట్లే. రోల్ నంబర్ల ప్రకారం విడదీసి గదంతా అటూ ఇటూ నడిపిస్తే ఐదు నిమిషాలు అక్కడే పోతాయి కనుక మొదటి వారంలో ఆ ప్రయత్నం వద్దు. పిల్లల పేర్లు, స్నేహాలు, అలకలు తెలిశాక, ఆడపిల్లలనూ మగపిల్లలనూ ఒకే జట్టులో కూర్చోబెట్టే విషయం ఆ తరగతి ఉపాధ్యాయులను అడిగి నిర్ణయించుకోవచ్చు. చర్చకు నాలుగు నిమిషాలు ఇచ్చి, నలుగురికీ ఒకటి నుంచి నాలుగు వరకు అంకెలు కేటాయించి, చివర్లో ఏ అంకె పిలిస్తే ఆ అంకె ఉన్నవారే లేచి జట్టు జవాబు చెప్పాలని ముందే ప్రకటించాలి. ఎవరిని పిలుస్తారో తెలియదు కనుక చురుకైన విద్యార్థి తనకు తెలిసింది పక్కవాడికి వివరించక తప్పదు. శాశ్వత గ్రూపు లీడరును పెట్టడం ఉపాధ్యాయుడికి సుఖమే కానీ, మిగిలిన ముగ్గురికీ అది సెలవు ఇచ్చినట్లే.

చర్చ సాగుతుండగా గది చుట్టూ తిరుగుతూ వినాలి, జవాబు మాత్రం చెప్పకూడదు. కరెంటు మొదటి బల్బులో కొంత ఖర్చయిపోతుంది కాబట్టి రెండోది మసకగా వెలుగుతుందన్న వాదన దాదాపు ఏ తరగతిలోనైనా వినిపిస్తుంది. అది వినిపించిన జట్టును గుర్తుపెట్టుకుని, జవాబులు చెప్పించేటప్పుడు ముందు వారి చేతే చెప్పించి, దాన్ని తప్పనకుండా నల్లబల్ల మీద రాసి, వేరే వాదన ఉన్న జట్టుకు అవకాశమివ్వాలి. ఆ తర్వాతే ప్యానెల్ మళ్లీ వెలగాలి. రెండు బల్బులూ సమానంగా, ఒకే బల్బు ఉన్నప్పటికంటే మసకగా వెలగడం అందరూ చూశాక, ఒక విద్యార్థిని పిలిచి కరెంటును కొలిచే అమ్మీటరును వలయంలో మూడుచోట్ల పెట్టించాలి. ఒక్కో బల్బు నిరోధం 10 ఓములైతే మూడుచోట్లా 0.45 ఆంపియర్లే చూపిస్తుంది. కరెంటు ఎక్కడా ఖర్చు కాలేదన్న మాట ఉపాధ్యాయుడి నోటి నుంచి రానక్కరలేదు. సమాంతర సంధానానికి ఇదే క్రమం సరిపోతుంది. ఒక బల్బు తీసేస్తే రెండోది ఏమవుతుందన్న ప్రశ్నతో మొదలుపెట్టి, ఇంట్లో ఒక గదిలో లైటు ఆర్పితే మిగతావి ఎందుకు ఆరవో చెప్పమనవచ్చు.

జిగ్‌సా పద్ధతి గురించి కూడా కళాశాలలో వినే ఉంటారు. ఇలియట్ అరాన్సన్ 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ బడుల్లో, జాతులవారీగా విడిపోయి ఉన్న పిల్లలు కొత్తగా ఒకే తరగతిలో చేరి ఘర్షణ పడుతున్నప్పుడు దీన్ని రూపొందించాడు. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చి, మిగతావారికి అది నేర్పించమనే ఈ పద్ధతి సాంఘికశాస్త్రంలో బాగా పనికొస్తుంది కానీ, 45 నిమిషాల ఒకే పీరియడ్‌లో ఇమడదు. వరుసగా రెండు పీరియడ్లు దొరికేదాకా ఆగడం మేలు.

కరెంటు పోయే రోజు కోసం సంచీలో రెండు టార్చి బల్బులు, ఘటాలు (బ్యాటరీ సెల్స్), కాసిని తీగముక్కలు ఉంచుకోవాలి. నిజానికి కరెంటు ఉన్నా వీటిని బయటికి తీయవచ్చు. తెర మీద చూసింది చేతిలో వెలిగినప్పుడు వెనుక బెంచీలోనూ కదలిక వస్తుంది. అయితే నిజమైన బల్బులు రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి వెలుగులో కొద్ది తేడా కనిపిస్తుంది, అదెందుకో మళ్లీ జట్లనే అడగవచ్చు.

జట్టుకంతటికీ కలిపి ఒకే మార్కు వేయకూడదు. గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు ప్రతి ఒక్కరి చేత చీటీ మీద రెండు వాక్యాలు రాయించాలి: మొదట తానేమనుకున్నాడు, ఇప్పుడేమనుకుంటున్నాడు. ఇంటర్న్‌షిప్ రికార్డులో పాఠ్యపథకం వెనుక ఈ చీటీల్లో కొన్నింటిని అంటించి, కరెంటు ఖర్చవుతుందని ఇంకా రాసినవారు ఎందరో లెక్క వేసి, మరుసటి పీరియడ్‌ను వారి వాక్యాలతోనే, పేర్లు చెప్పకుండా, ప్రారంభించాలి. పర్యవేక్షకులు వచ్చే రోజైతే ప్యానెల్ ఎలా వాడారో చూడమనే బదులు, ఏ జట్టులో ఎవరు అసలు మాట్లాడలేదో గమనించి చెప్పమని ముందే కోరాలి. బల్ల దగ్గర నిలబడి పాఠం నడిపేవారి కంటికి అది కనిపించదు.