ఎండలు ముదరకముందే: మిట్రల్ వాల్వ్ జబ్బున్న చిన్న కుక్కకు జాగ్రత్తలు

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. వేడి దిగాలంటే నాలుక చాపి రొప్పాల్సిందే. మిట్రల్ వాల్వ్ అంటే గుండె ఎడమవైపు పై గదికి (కర్ణిక), కింది గదికి (జఠరిక) మధ్య ఉండే తలుపు. దాని రెక్కలు మందమై, బుడిపెలు కట్టి సరిగా మూసుకోని కుక్కలో, గుండె ముడుచుకున్న ప్రతిసారీ కొంత రక్తం వెనక్కి ఎడమ కర్ణికలోకి చిమ్ముతుంది. జబ్బు ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అప్పుడూ ఆయాసమే, ఎండకు రొప్పినా ఆయాసమే. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి, విడదీసి చెప్పే అంకె ఒకటి ముందే చేతిలో ఉండాలి.

అది నిద్రలో శ్వాస లెక్క. చల్లని గదిలో కుక్క గాఢంగా నిద్రపోయాక పక్కటెముకల దగ్గర చూడండి. ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒక శ్వాస. 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. కాళ్లు కొట్టుకుంటూ కలగంటున్నప్పుడు, నడిచొచ్చి పడుకున్న వెంటనే లెక్కపెట్టొద్దు. వారం పదిరోజులు రాసిపెడితే మీ కుక్క మామూలు అంకె తెలుస్తుంది. నిమిషానికి 30 దాటకూడదన్నది అందరికీ చెప్పే మాటే. కానీ ఎప్పుడూ 16 ఉండే కుక్కకు వరుసగా రెండు రోజులు 27 వస్తే, 30 లోపే ఉంది కదా అని ఊరుకోకుండా డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

పరీక్షలు కూడా వేసవికి ముందే. స్టెతస్కోప్‌లో మర్మర్ (రక్తం వెనక్కి చిమ్మే అదనపు శబ్దం) వినిపించినంత మాత్రాన మందులు మొదలుపెట్టరు. గుండె పెరిగిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. మర్మర్ 6కి 3వ గ్రేడ్ లేదా అంతకు మించి ఉండి, ఎకోలో (గుండె స్కాన్) ఎడమ కర్ణిక వెడల్పు బృహద్ధమని వెడల్పుకు 1.6 రెట్లు లేదా ఎక్కువై, ఎడమ జఠరిక కూడా సాగి, ఎక్స్‌రేలో వెన్నుపూసల పొడవుతో పోల్చి కొలిచే గుండె సైజు 10.5 వెన్నుపూసలు దాటితే అది బి2 దశ, అంటే గుండె పెరిగినా ఇంకా విఫలం కాని దశ. గుండె పంపింగ్‌కి బలమిచ్చే పిమోబెండాన్ మొదలుపెట్టేది ఇక్కడే: కిలో బరువుకు 0.25 నుంచి 0.3 మి.గ్రా., రోజుకు రెండుసార్లు, తిండికి గంట ముందు. 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనంలో ఈ మందు గుండె విఫలమయ్యే దశను దాదాపు 15 నెలలు వెనక్కి నెట్టింది. గుండె పెరగని బి1 కుక్కకు మందు అక్కర్లేదు, కనిపెట్టి ఉండడమే. ఉత్త దగ్గు చూసి ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ వేసేయడం తరచూ జరిగే పొరపాటు. పెరిగిన కర్ణిక శ్వాసనాళాన్ని నొక్కినా, నాళమే మెత్తబడినా దగ్గు వస్తుంది, ఆ దగ్గు నీరు తీసేసినా పోదు.

ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఫ్యూరోసెమైడ్ మీదున్న కుక్కకు వేసవిలో గండం ఇంకో వైపు నుంచి వస్తుంది. మందు నీటిని మూత్రంలో పంపేస్తుంది, రొప్పు నోటి తడిని ఆరగొడుతుంది. దానికి ఒక్కరోజు వాంతులో విరేచనాలో తోడైతే చాలు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. అందుకే రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె), పొటాషియం ముందే చూపించండి, మోతాదు మారితే ఒకటి రెండు వారాల్లో మళ్లీ. పదేపదే మూత్రం పోస్తోందని నీళ్ల గిన్నె మాత్రం తీయొద్దు. తిండి మానేసినా, వాంతులవుతున్నా మోతాదు తగ్గించాలో ఆపాలో డాక్టరే చెప్పాలి. ఎనలాప్రిల్ (రక్తనాళాలను సడలించే గుండె మందు), ఫ్యూరోసెమైడ్ వాడుతున్న కుక్కకు ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేస్తే కిడ్నీలకు మూడోపోటు వేసినట్టే.

నడక తెల్లవారుజామునే. మెడపట్టీ గొంతు నొక్కి దగ్గు తెప్పిస్తుంది, ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి. అధిక బరువుంటే ఎండల ముందే కొంత దించాలి, కానీ కండ కరుగుతున్న ముదురు దశ కుక్కను పస్తు పెట్టొద్దు. ఉప్పు పడిన చిరుతిళ్లు పూర్తిగా బంద్.

చల్లని చోట ఉండీ శ్వాస నిమిషానికి 40 దాటినా, మోచేతులు ఎడంగా పెట్టి మెడ చాచి కూర్చున్నా, పడుకోలేకపోయినా, చిగుళ్లు బూడిదరంగుకో నీలానికో తిరిగినా, సొమ్మసిల్లి పడిపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. నోరు తెరిచి మాత్రలు కుక్కొద్దు, బలవంతంగా పడుకోబెట్టొద్దు. ఒళ్లు కాలిపోతుంటే వడదెబ్బ కూడా కావచ్చు, మామూలు నీళ్లతో తడిపి గాలి తగిలిస్తూ తీసుకెళ్లండి. బయల్దేరేముందే ఫోన్ చేసి ఆక్సిజన్ సిద్ధంగా ఉంచమనండి. మందుల చీటీ, శ్వాస లెక్క రాసిన కాగితం వెంట ఉండాలి.