పటంలో గ్రానైటు, చెలకలో నల్లరాయి: తేడా ఎక్కడ?

జీఎస్ఐ (భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ) వాళ్ల భూకోశ్ అనే రాతి పటాల పోర్టల్ తెరిచి మన ఊరి రాళ్ల సంగతి చూడబోతే తగిలే చిక్కులివి.

సమస్య: దేవరకొండ వైపు పటమంతా ఒకటే రంగు. మా చెలకలో నల్లరాళ్ల వరుస ఉంది, అది పటంలో లేదు.

కారణం: మీరు తెరిచింది 2ఎం లేయర్ అయి ఉంటుంది, అంటే 1:20 లక్షల స్కేలు. అందులో ఒక సెంటీమీటరంటే నేల మీద 20 కిలోమీటర్లు. ఇరవై మీటర్ల వెడల్పున్న రాతి వరుస అందులో వెంట్రుకంత మందం కూడా రాదు.

పరిష్కారం: 50కె లేయర్ ఆన్ చేయండి, అంటే 1:50 వేల స్కేలు. ఇందులో సెంటీమీటరుకు 500 మీటర్లే. గ్రానైటు మధ్య సన్నగా, తిన్నగా సాగే గీతలు కనిపిస్తే అవి డైకులు కావచ్చు. ఎప్పుడో గ్రానైటు పగుళ్లలోకి కింది నుంచి శిలాద్రవం ఎక్కి గట్టిపడిన గోడలవి. ఇక చెలకకు వెళ్లి ఒక గుండును పగలగొట్టి చూడండి. పైన తుప్పు రంగు పొర, లోపల నలుపు, చేతికి బరువు, పలుకులు కంటికి ఆనవు. అలా ఉంటే అది డోలరైటు, డైకుల్లో గట్టిపడే నల్లరాయి. గ్రానైటైతే గులాబీ, తెలుపు పలుకులు, వాటి మధ్య గాజులాంటి పలుగు, అభ్రకం తళుకు వేటికవే కనిపిస్తాయి. బోరు పాయింటు పెట్టించే రైతుకు ఈ గీత తెలియడం చాలా అవసరం. కొన్నిచోట్ల డైకు భూగర్భ జలానికి అడ్డుకట్టలా నిలబడుతుంది, ఒక పక్క నీళ్లుంటే మరో పక్క ఉండకపోవచ్చు.

సమస్య: పటం గ్రానైటు అంటోంది, పొలంలో మట్టి తప్ప రాయే లేదు.

పటం చూపేది ప్రధానంగా కింది బండను. పాత బావి గోడ చూడండి, లేదా కొత్త బోరు దగ్గర కుప్పపడిన పొడిని కడిగి చూడండి. మట్టి కింద పలుకులు పలుకులుగా రాలే మొరం తగిలితే పటం చెప్పింది నిజమే.

సమస్య: మఠంపల్లి, హుజూర్‌నగర్ వైపు పటాన్ని జరిపితే రంగు మారిపోయింది.

అది తప్పు కాదు. అక్కడ గ్రానైటు మీద కర్నూలు సముదాయం అనే రాతి పొరల గుంపులోని సున్నపురాయి పరుచుకుంది. ఆ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది అందుకే. రంగును నమ్ముకోకండి, ఒక పటంలోని రంగు మరో పటంలో వేరే రాయికి ఉండొచ్చు. ప్రతిసారీ లెజెండ్ (ఏ రంగు ఏ రాయో చెప్పే పట్టిక) చదవండి.

సమస్య: జీపీఎస్ చుక్క పక్కకు జరిగినట్టుంది.

అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టడానికి పాత టోపోషీట్లు (సర్వే పటాలు) వాడిన ఎవరెస్ట్ కొలతకూ, ఫోన్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనే కొలతకూ తేడా ఉంటుంది. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోటును రెండింటిలో పోల్చండి. ఎటు, ఎంత జరిగిందో తెలుస్తుంది.