ఫారిన్ నుంచి తెప్పించిన ఎలక్ట్రానిక్స్: ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఏం చెయ్యాలి (వైజాగ్ వాళ్ల కోసం)

మన వైజాగ్‌లో అమెరికాలోనో సింగపూర్‌లోనో పిల్లలు లేని అపార్ట్‌మెంట్ ఉండదు, అందుకే ఏదో ఒక వస్తువు అక్కడ కొనడం ఇక్కడికి తెప్పించడం నడుస్తూనే ఉంటాది. తేడా వస్తే ముందు అది ఎక్కడ వచ్చిందో తేల్చుకోండి: డబ్బు కట్టే దగ్గరా, దారిలోనా, కస్టమ్స్‌లోనా, ఇంట్లో ప్లగ్ దగ్గరా. అది తేలకుండా కొరియర్ వాళ్ల మీద అరిస్తే లాభం లేదండి.

కార్డు పడట్లేదు, పడినా ఆర్డర్ క్యాన్సిల్ అయిపోతోంది

ఆర్‌బీఐ 2020లో తెచ్చిన రూల్ ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఇంటర్నేషనల్ ఆప్షన్ ఆఫ్‌లోనే వస్తాది, బ్యాంక్ యాప్‌లోకెళ్లి ఆన్ చేసుకోవాలి. అది ఆన్‌లో ఉన్నా క్యాన్సిల్ అవుతోందంటే చాలాసార్లు కారణం అడ్రస్: అమెరికా స్టోర్లు కార్డు బిల్లింగ్ అడ్రస్‌ని బ్యాంకుతో సరిచూస్తాయి, సీతమ్మధార అడ్రస్ ఉన్న కార్డుకి డెలివరీ ఏమో డెలావేర్‌లో ఫార్వర్డింగ్ కంపెనీ (అక్కడ మీ వస్తువు తీసుకుని ఇక్కడికి పంపేవాళ్లు) గోడౌన్‌కి అంటే వాళ్లకి అనుమానం వస్తాది. అక్కడున్న మీ అబ్బాయి చేత తన కార్డుతో కొనిపించి మీరు డబ్బు ఇచ్చెయ్యడం అన్నిటికన్నా సులువు. ఫార్వర్డింగ్ కంపెనీలు డెలావేర్, ఒరెగాన్‌లలో ఎక్కువ ఎందుకంటే ఆ రాష్ట్రాల్లో సేల్స్ టాక్స్ లేదు, అంతే, అంతకుమించి ఏ మాయా లేదు.

షిప్పింగ్ చార్జి వస్తువు కంటే ఎక్కువ చూపిస్తోంది

కొరియర్‌కి బరువు ఒక్కటే కాదు, డబ్బా సైజు కూడా లెక్కే. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. 60, 40, 20 డబ్బా అయితే 9.6 కిలోలు, లోపల వస్తువు 3 కిలోలే ఉన్నా సరే. పెద్ద డబ్బాలోంచి తీసి చిన్న దాంట్లో మళ్లీ ప్యాక్ చెయ్యమని ఫార్వర్డర్‌ని అడగండి, కానీ లెన్సూ స్క్రీనూ అయితే మాత్రం వద్దు, అక్కడ ఆదా చేసింది ఇక్కడ పగిలిపోద్ది.

ట్రాకింగ్ కదలట్లేదు, కస్టమ్స్ దగ్గర ఉందంటున్నారు

కొరియర్‌లో వస్తే ముందు కేవైసీ (మీరెవరో చూపించే ఆధార్ లాంటి కాగితాలు) చూడండి. ఆధార్ మీద పేరు ఒకలాగ, పార్సిల్ మీద ఇంకోలాగ ఉంటే అక్కడే ఆగిపోద్ది, ఇంట్లో పిలుచుకునే పేరు రాయించొద్దు, ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. లింకు మెసేజ్‌లో వస్తే దాన్ని నొక్కకండి, కొరియర్ సైట్‌లోకి మీరే వెళ్లి ట్రాకింగ్ నంబర్ కొట్టి అక్కడే అప్‌లోడ్ చెయ్యండి, డ్యూటీ పేరుతో డబ్బులు లాగే దొంగ మెసేజ్‌లు బోలెడు తిరుగుతున్నాయి.

పోస్టులో వస్తే నంబర్ రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశం రెండక్షరాలు, మొత్తం 13 ఉంటాయి. అదే నంబర్ ఇండియా పోస్ట్ సైట్‌లో కూడా పనిచేస్తాది. డ్యూటీ వేస్తే ఇంటికి తెచ్చేటప్పుడే కట్టించుకుంటారు, రసీదు అడిగి తీసుకోండి.

డ్యూటీ ఇంత వేశారేంటి?

ఎక్కువమంది గొడవ పడేది ఇక్కడే, దీన్ని కాస్త నిదానంగా చూద్దాం. లెక్క వస్తువు ధర ఒక్కదాని మీద మొదలవ్వదు, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కూడా కలుపుతారు. వస్తువు 20,000, ఇన్సూరెన్స్‌తో కలిపి షిప్పింగ్ 4,000 అనుకోండి, 24,000 దగ్గర మొదలు. బేసిక్ డ్యూటీ 10 శాతం, ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) 18 శాతం, సర్‌చార్జి ఏమీ లేదు అనుకుని చూస్తే బేసిక్ 2,400, ఆ రెండూ కలిపిన 26,400 మీద ఐజీఎస్టీ 4,752, మొత్తం 7,152. అంటే టాక్స్ మీద టాక్స్ పడతాది. రేట్లు వస్తువుని బట్టి, బడ్జెట్‌ని బట్టి మారతాయి, కొనేముందే సీబీఐసీ (కస్టమ్స్ చూసే కేంద్ర బోర్డు) సైట్‌లో చూసుకోండి. డాలర్ రేటు కూడా కస్టమ్స్ వాళ్లు విడిగా ప్రకటించినదే, మీ బ్యాంకు వేసినది కాదు. దీనిపైన మీ తరఫున డ్యూటీ కట్టినందుకు కొరియర్ కంపెనీ తన ఫీజు వేస్తాది, బిల్లులో ఆ రెండూ వేరు చేసి చూసుకోండి.

"గిఫ్ట్ అని రాయించేస్తే అయిపోద్ది కదా" అంటారు, అవ్వదండి. గిఫ్ట్ పేరుతో డ్యూటీ లేకుండా పోస్టులో, కొరియర్‌లో తెప్పించుకోవడం 2019 డిసెంబర్‌లోనే ఆపేశారు, రాఖీలు, ప్రాణాలు నిలిపే మందులు తప్ప. ధర తక్కువ రాయించడం ఇంకా చెడ్డది: ఆఫీసర్ నెట్‌లో అసలు ధర చూసి తనే వేసేస్తాడు, పెనాల్టీ పడొచ్చు, పార్సిల్ దారిలో పోతే ఇన్సూరెన్స్ కూడా ఆ తక్కువ ధరకే వస్తాది. నిజమైన ఇన్‌వాయిస్, కార్డు స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకుంటే డ్యూటీ ఎక్కువ వేసినప్పుడు మీరు గట్టిగా మాట్లాడగలరు.

అసలు ఇవ్వనే ఇవ్వమన్నారు

డ్రోన్ అయితే ఆశ వదులుకోండి, 2022 ఫిబ్రవరి నుంచి దిగుమతి బంద్, రీసెర్చ్, డిఫెన్స్, సెక్యూరిటీ అవసరాలకే పర్మిషన్. విడి లిథియం బ్యాటరీలు, పవర్‌బ్యాంకులు విమానంలో పార్సిల్‌గా పంపడం కష్టం, వచ్చేవాళ్ల చేతిబ్యాగులో తెప్పించండి, 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్లు, విమానాల్లో మామూలు పరిమితి 100 లోపే కాబట్టి పర్వాలేదు. ఒక లాప్‌టాప్ అయితే 18 ఏళ్లు నిండిన ప్యాసింజర్ డ్యూటీ లేకుండా తెచ్చుకోవచ్చు, మరి దాన్ని కొరియర్‌లో పంపి డ్యూటీ కట్టడం దేనికి? టీవీ మాత్రం ఎవరి చేతా తెప్పించకండి, ఫ్లాట్ టీవీకి 2013 నుంచి ఫ్రీ అలవెన్స్ లేదు.

ప్లగ్ పెట్టగానే పొగ వచ్చింది, లేకపోతే ఫట్ మని ఆగిపోయింది

మన కరెంటు 230 వోల్టులు, అమెరికాది 120, జపాన్‌ది 100. అడాప్టర్ మీద "ఇన్‌పుట్ 100-240" అని ఉంటే ఏ భయం లేదు, ప్లగ్ మారిస్తే చాలు. లాప్‌టాప్, ఫోన్, కెమెరా చార్జర్లు దాదాపు అన్నీ అలాంటివే. "120" అనో "100" అనో ఒక్కటే ఉంటే ఆగిపోండి. జపాన్ రైస్ కుక్కర్‌ని మన బోర్డులో పెడితే హీటర్ మీద పడే పవర్ అయిదు రెట్లు దాటుతాది, ఫ్యూజ్ పోతే అదృష్టం, లేదంటే కాయిలే పోద్ది. షాపులో అమ్మే ప్లగ్ కన్వర్టర్ పిన్నులు మారుస్తుంది, వోల్టేజ్ మార్చదు, ఈ ఒక్కటి ఇంట్లో పెద్దవాళ్లకి కూడా గట్టిగా చెప్పండి.

దీనికి మందు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ (వోల్టేజ్ తగ్గించే డబ్బా), వస్తువు వాట్స్ కంటే ఒకటిన్నర రెట్లది తీసుకోండి. 1,800 వాట్ల హెయిర్ డ్రయ్యర్‌కి అంత బరువు డబ్బా కొనే బదులు ఇక్కడే డ్రయ్యర్ కొనుక్కోవడం మేలు. కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పేది హెర్ట్జ్, అమెరికాలో 60, మన దగ్గర 50, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మార్చలేదు, అందుకే కరెంటు హెర్ట్జ్ మీద నడిచే అమెరికా పాత గోడ గడియారం మన దగ్గర గంటకి 10 నిమిషాలు వెనకబడతాది. సింగపూర్‌లో కొంటే ఈ తలనొప్పి లేదు, అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జే.

ఫోన్‌లో నెట్ వస్తోంది, కాల్ వెళ్లట్లేదు

జియోకి 2జీ, 3జీ లేవు, కాల్ వోల్టీ (4జీ నెట్ మీద వెళ్లే కాల్) మీదే వెళ్లాలి, ఆ మోడల్‌కి ఇక్కడ వోల్టీ లేకపోతే నెట్ ఒక్కటే వస్తాది. అప్‌డేట్ చేసి చూడండి, అయినా రాకపోతే వేరే కంపెనీ సిమ్ వేసి చూడండి. సిమ్ పెట్టే చోటే కనపడట్లేదా? అమెరికా ఐఫోన్లలో 14 నుంచి సిమ్ ట్రే లేదు, ఈ-సిమ్ తీసుకోవాల్సిందే. "సిమ్ నాట్ సపోర్టెడ్" అంటే అక్కడి కంపెనీ లాక్ ఉన్నట్టు, దాన్ని తియ్యాల్సింది ఆ కంపెనీయే, కొన్నవాళ్ల చేత అక్కడి నుంచే రిక్వెస్ట్ పెట్టించండి, ఇక్కడ ఎవరో తీస్తామంటే డబ్బు ఇవ్వకండి, అప్‌డేట్ అవ్వగానే మళ్లీ లాక్ పడొచ్చు.

వారంటీ లేదంటున్నారు

చాలా వస్తువులకి వారంటీ కొన్న దేశంలోనే. డబ్బు కట్టకముందే మోడల్ నంబర్ పట్టుకుని ఇక్కడి సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి, ఈ మోడల్ స్పేర్ పార్టులు దొరుకుతాయా అని అడగండి, వారంటీ లేకపోయినా పార్టు దొరికితే బతికించుకోవచ్చు. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు లెన్సులతో వచ్చిన సిలికా జెల్ ప్యాకెట్లు పారెయ్యకండి, గాలి చొరని డబ్బాలో లెన్సుతోపాటు పెట్టండి, ఫంగస్ పడితే ఏ దేశం వారంటీ అయినా కట్టదు.