పాత ఇంటి మరమ్మతుకు ఎంతవుతుంది? చెన్నై ఇళ్లకు లెక్క వేసే పద్ధతి

పడమటి మాంబళంలోనో మైలాపూర్‌లోనో ఉన్న తాతల నాటి ఇంటిని బాగు చేయించాలని మేస్త్రీని పిలిస్తే, ఆయన మొదట అడిగేది "ఎన్ని చదరపు అడుగులు?" అనే. కొత్త ఇంటికైతే ఆ ప్రశ్న చాలు, పాత ఇంటికి చాలదు. 12×10 గది, ఎత్తు 10 అడుగులు అనుకోండి. నేల 120 చదరపు అడుగులే, కానీ గోడలు 440, పైకప్పు అడుగుభాగం 120 కలిపి పూత (ప్లాస్టరింగ్) 560 అవుతుంది. నేలకు నాలుగున్నర రెట్లకు పైనే. అదే 20×20 హాలైతే మూడు రెట్లతో సరి. పాత ఇళ్లలో ఉండేవి ఎక్కువగా చిన్న గదులే కాబట్టి, నేల కొలతతో చెప్పిన రేటు ఎవరో ఒకరిని ముంచుతుంది. మునిగేది తనేనని మేస్త్రీకి అర్థమైన రోజు నుంచి "ఎక్స్‌ట్రా"లు మొదలవుతాయి. అందుకే ఏ పనికి ఆ పని విడిగా కొలిచి లెక్క వేసుకోవాలి. కొలిచే ముందు కొన్నిచోట్ల తవ్వి చూడాలి.

ముందు తవ్వి చూడండి

ఒక మేస్త్రీ, ఒక కూలీ, ఒక రోజు పని. ఆ రోజు కూలికి వెనకాడితే తర్వాత దానికి ఎన్నో రెట్లు కట్టాలి. శ్లాబు ఇల్లైతే పైకప్పు అడుగున చిన్న సుత్తితో జానెడుకు ఒక దెబ్బ చొప్పున తట్టుకుంటూ వెళ్లండి. బోలుగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీయండి. పెచ్చులూడి కనిపించే భాగం కన్నా గీత లోపలి భాగం రెండింతలు కూడా ఉండొచ్చు. ఎస్టిమేట్‌లో వేయాల్సింది ఆ రెండోదే. బెసెంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ఇది మరీ ఎక్కువ. ఉప్పు కాంక్రీటులోకి దిగి చువ్వకు తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి కింది కాంక్రీటును తోసేస్తుంది. దానిమీద ఉత్త సిమెంటు పూస్తే రెండు వానాకాలాలు కూడా ఆగదు. చువ్వ వెనకదాకా చెక్కి, తుప్పు గీకి, ప్రైమర్ వేసి, పాలిమర్ కలిపిన మాల్‌తో నింపాలి. చువ్వ అడ్డుకోత వైశాల్యంలో నాలుగో వంతుకు మించి తరిగిపోయి ఉంటే పక్కన కొత్త చువ్వ వేయాలి. చెక్కేటప్పుడు కింద ఆపుగా పెట్టే జాకీల అద్దె కూడా రాసుకోండి. దాన్ని అందరూ మర్చిపోతారు.

మద్రాసు టెర్రస్ ఇల్లైతే, అంటే టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మిద్దె అయితే, దూలం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మధ్యలో దూలం రాయిలా ఉన్నా చెమ్మా చెదా పట్టేది ఆ కొసనే. అంగుళం లోతు సులువుగా దిగితే ఆ దూలం మార్చాల్సిందే. పైన ఎన్ని పొరలున్నాయో ఒక మూల తవ్వి చూడండి. కారినప్పుడల్లా ఒక పొర సిమెంటు వేస్తూ పోయిన మిద్దెలు చాలా ఉన్నాయి. 100 చదరపు అడుగుల మీద అంగుళం మందం సిమెంటు మాల్ అర టన్ను బరువు. కాబట్టి "పాతది తీసి దించడం" అని ఒక పద్దు, "కొత్తది వేయడం" అని ఇంకో పద్దు రాయాలి. కొత్త పొర ఇటుక ముక్కలూ సున్నంతో వేయాలి, దానిపై ఎర్ర పెంకులు పరచాలి. సున్నపు పని తెలిసిన మేస్త్రీ కూలి ఎక్కువ. అయినా సున్నమే వాడాలి: ఆ ఇంటి గోడలకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక పూతనే ఊడగొడుతుంది.

స్విచ్ బోర్డు ఒకటి విప్పి చూడండి. రెండే తీగలుంటే ఎర్త్ లేనట్టే, వైరింగ్ మొత్తం కొత్తగా వేయాలి. కుళాయి దగ్గర గోడ కొంచెం పగలగొట్టి జీఐ (జింకు పూత ఇనుప) పైపు ఎలా ఉందో చూడండి. బాత్రూం బయట మ్యాన్‌హోల్ మూత తీసి, నీళ్లు పోసి, ఆగకుండా పోతున్నాయో లేదో చూడండి.

కొలత, తర్వాత ధర

పూత పనికి ఒక నమూనా. కొత్త గోడకు 12 మి.మీ. మందం, 1:6 పాళ్లతో (సిమెంటు ఒకటి, ఇసుక ఆరు) 100 చదరపు అడుగులకు బస్తాకు కొంచెం తక్కువ సిమెంటు, 6 ఘనపుటడుగుల ఇసుక పడతాయి. పాత పూత ఊడగొట్టాక ఇటుకలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కనుక మందం 20 మి.మీ. దాకా పోతుంది. అప్పుడు బస్తా పావు, 9 ఘనపుటడుగులు. పైన చెప్పిన గది నాలుగు గోడలకు, 440 అడుగులకు, ఐదున్నర బస్తాలు, 40 ఘనపుటడుగుల ఎం-సాండ్ (రాయి నలగ్గొట్టి చేసిన ఇసుక). ఊడగొట్టడానికి కూలీ రోజుకు సుమారు 100 అడుగులు, పూయడానికి మేస్త్రీ, కూలీ జంట 80 అడుగులు. లెక్క కోసం మేస్త్రీకి 1,200, కూలీకి 900, బస్తా 400, ఇసుక అడుగు 70 రూపాయలు అనుకుంటే కూలి సుమారు 15,500, సరుకు 5,000. చదరపు అడుగుకు 47 రూపాయలు. ఈ ధరల స్థానంలో మీ పేటలో ఆ వారం నడుస్తున్నవి వేసుకోండి.

మరమ్మతులో మూడొంతుల ఖర్చు కూలిదే అని ఈ లెక్కలోనే కనిపిస్తుంది. సిమెంటు బ్రాండు మార్చి మిగిల్చేది పెద్దగా ఏమీ ఉండదు. కొటేషన్‌లో పూత 30 రూపాయలని ఉంటే పాతది ఊడగొట్టడం అందులో లేదని అర్థం. అడగండి.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. రెండడుగుల టైల్స్‌కు తరుగు 5 శాతం, మూలలు ఎక్కువున్న చిన్న గదులకు 10. స్కర్టింగ్‌కు (గోడ అడుగున వేసే టైల్ పట్టీకి) గది చుట్టుకొలత ఎన్ని అడుగులో అందులో మూడో వంతు చదరపు అడుగులు కలపండి. వైరింగ్‌ను పాయింట్ల లెక్కన రాయండి: లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకీ గీజర్‌కీ విడివిడిగా 4 చ.మి.మీ. తీగ. గోడ గాడి పూడ్చే ఖర్చు ఎలక్ట్రీషియన్‌దా మేస్త్రీదా అని ముందే తేల్చుకోండి, లేకపోతే ఇద్దరూ వదిలేస్తారు. కమోడ్ కొనేముందు పాత గొట్టం నేలలోకి పోతుందో గోడలోకి పోతుందో, గోడనుంచి ఎన్ని అంగుళాల్లో ఉందో కొలవండి. బాత్రూం వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక 48 గంటలు నీళ్లు నిలిపి చూశాకే టైల్స్.

రోడ్డు ఎత్తయిపోయిన ఇల్లు

చెన్నైలో పెద్ద లెక్క ఇదే. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో చాలా ఇళ్లు వీధికన్నా పల్లంలో ఉండిపోయాయి. 2015 డిసెంబరులోనూ 2023 మిచాంగ్ తుపానులోనూ లోపలికి నీళ్లొచ్చిన ఇంటికి టైల్స్ మారిస్తే డబ్బు దండగ. నేల ఒకటిన్నర అడుగు లేపాలంటే, వెయ్యి చదరపు అడుగుల ఇంటికి: అడుగు మట్టి నింపితే, దిమ్మిస కొట్టాక కుంగేది కలిపి 1,250 ఘనపుటడుగులు, అంటే పన్నెండున్నర యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు). పైన నాలుగంగుళాల కాంక్రీటు 333 ఘనపుటడుగులు. మిగతా రెండంగుళాలు మాల్, టైల్. ఇక్కడితో ఆగేవాళ్లే ఎక్కువ. ఏడడుగుల గుమ్మం ఐదున్నర అడుగులవుతుంది. అంటే ప్రతి గుమ్మం మీది లింటెల్ (గోడ బరువు మోసే అడ్డ దిమ్మె) కొట్టి ఎత్తుకు మార్చాలి. స్విచ్ బోర్డులు, వంటగట్టు, కిటికీలు, బాత్రూం గొట్టాలు, మెట్లు కూడా మారతాయి. ఇవన్నీ వేశాక జాకీలతో ఇల్లు లేపే వాళ్ల కొటేషన్‌తో పోల్చండి. వాళ్ల రేటులో కొత్త నేల, సంపు, ప్రహరీ, పైపులు సాధారణంగా ఉండవు. అవీ కలిపి చూడాలి. సున్నపు గోడల ఇంటిని లేపొచ్చో లేదో చెప్పాల్సింది లేపే కంపెనీ కాదు, మీరు డబ్బిచ్చి పిలిచిన స్ట్రక్చరల్ ఇంజనీరు.

పడగొట్టిన ఇటుకల చెత్త (రబ్బిష్)‌కు కూడా పద్దు రాయండి. 10×10 అడుగుల తొమ్మిదంగుళాల గోడ 75 ఘనపుటడుగులే, కానీ పడగొడితే 110 దాకా ఉబ్బుతుంది, యూనిట్ పైనే. వీధిలోకి లారీ రాకపోతే చిన్న బండిలో నాలుగైదు ట్రిప్పులు. ఎదురు పద్దు కూడా ఒకటుంది: పాత టేకు తలుపులు, దూలాలు, ఇత్తడి బందులు. "తీసుకుపోతాను, కూలి వద్దు" అని మేస్త్రీ అంటే ఒప్పుకోవద్దు. పాత సామాను కొట్టు వాణ్ణి పిలిచి ధర కట్టించి ఆ మొత్తాన్ని ఎస్టిమేట్‌లో తగ్గించండి.

అదనపు ఖర్చుకని మొత్తం మీద 10 శాతం కలపడం బద్ధకం. కళ్లతో చూసి కొలిచిన టైల్స్‌కీ రంగులకీ 5 చాలు. పైకప్పుకీ నేలకింది గొట్టాలకీ 30 వేయండి. అద్దె ఇంటికి మారాలంటే ఆ అద్దె మేస్త్రీ చెప్పిన గడువుకు ఒకటిన్నర రెట్లు. మిద్దె పని ఫిబ్రవరి నుంచి జూన్ లోపల పెట్టుకోండి. ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానల్లో మొదలుపెడితే టార్పాలిన్లకూ పని లేని రోజులకూ మీరే కట్టాలి.

ఒప్పందం రాసేటప్పుడు ఏక మొత్తం కాకుండా పనికింత రేటు రాయించండి. పని అయ్యాక ఇద్దరూ కలిసి టేపు పట్టి కొలిచి ఇవ్వాలి. తలుపు, కిటికీల ఖాళీ ఎలా తీసేస్తారో ముందే రాయండి: గోడ రెండు వైపులా పూస్తే ఒక వైపు ఖాళీ తీసేసి రెండో వైపుది చుట్టూ అంచుల పూతకు బదులుగా వదిలేయడం, మామూలు సైజు తలుపు, కిటికీల విషయంలో, ఐఎస్ 1200 (నిర్మాణ పనుల కొలతకు భారత ప్రమాణం) పద్ధతి. మెట్రో వాటర్ (చెన్నై నీటి బోర్డు), కరెంటు లోడ్ పెంపు డిపాజిట్లు, బిల్లు ఇచ్చే కాంట్రాక్టరైతే 18 శాతం జీఎస్టీ కొటేషన్‌లో ఉన్నాయో లేవో సంతకానికి ముందే అడిగి కాగితం మీద పెట్టించండి.