వాగు దాటి గుట్టకు పోయేముందు

ముసురు పట్టిందంటే హనుమకొండ, వరంగల్ పిల్లల బండ్లన్నీ ములుగు దారి పడతాయి. ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన ఎక్కితే అవతలంతా గుట్టలూ జలపాతాలే. బొగత జలపాతం సంగతి వేరు. అక్కడ కంచె ఉంది, అటవీ శాఖ సిబ్బంది ఉంటారు, వరద ఎక్కువైతే లోపలికి పోనివ్వరు. నా భయమంతా వీరభద్రవరం వెనక ముత్యంధార లాంటి చోట్లకూ, పేరు కూడా లేని ధారలకూ అడవిలో పడి నడిచేవాళ్ల గురించే.

ఆ దారుల్లో గుట్ట ఎక్కడం పెద్ద కష్టం కాదు. అసలు గండం మధ్యలో దాటే వాగుతోనే. పొద్దున పోయేటప్పుడు అందులో పాదం మునగదు. దాన్ని వాగనుకోం, ఫొటో దిగి ముందుకు పోతాం. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అదే మన దారిని మూసేస్తుంది. 2023 జులై 26న ముత్యంధార చూడబోయిన దాదాపు 80 మంది ఇలాగే అడవిలో చిక్కుకుపోయారు. సహాయక బృందాలు రాత్రంతా కష్టపడి వాళ్లను బయటికి తెచ్చాయి. ఆ 24 గంటల్లోనే అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది.

అంత వాన పడితేనే వాగు వస్తుందనుకోకండి. కొన్నేళ్ల కింద మేం ఐదుగురం వాజేడు వైపు ఒక ఒర్రె, అంటే చిన్న వాగు, దాటాం. మాతో వచ్చిన కోయ పెద్దాయన దాటేముందు ఒక కట్టెపుల్ల విరిచి నీటి అంచున ఇసుకలో గుచ్చాడు. ఎందుకని మేం అడగలేదు. మా మీద చినుకు పడలేదు, ఎండ కూడా కాసింది. మూడు గంటల తర్వాత వచ్చి చూస్తే పుల్ల లేదు, అది గుచ్చిన ఇసుకా లేదు. అద్దంలా ఉన్న నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. నురగ, ఎండు టేకాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. మాలో ఒకడు బూట్లు విప్పి దిగబోయాడు. పెద్దాయన చెయ్యి పట్టి ఆపాడు. “పైన యాడనో కొట్టింది. కూసోర్రి. ఎట్ల వచ్చిందో అట్లనే పోతది” అన్నాడు. నాలుగు గంటలు బండ మీద కూర్చున్నాం. అన్నట్టే తగ్గింది.

గుట్ట మీదంతా పరుపుబండ. వాన నీళ్లు ఇంకే చోటు లేక ఒక్కసారిగా కిందికి దిగుతాయి. అందుకే చిన్న ఒర్రెలు ఎంత తొందరగా పొంగుతాయో అంత తొందరగానే తగ్గుతాయి. నీళ్ల రంగు మారినా, చెత్త కొట్టుకొచ్చినా, పైనుంచి హోరు వినిపించినా, సగం దాటి ఉన్నా సరే, దగ్గరున్న ఒడ్డుకు వచ్చేయండి. ఉరికే నీళ్లు మోకాలి దాకా ఉంటే చాలు, పాకుడు పట్టిన గుండ్రాళ్ల మీద ఎంత బలవంతుడికైనా కాలు నిలవదు. నడుముకు తాడు కట్టుకుని అసలు దిగొద్దు. జారితే ఆ తాడే మనిషిని నీళ్ల కింద పట్టి ఉంచుతుంది. రాత్రి ఆగాల్సి వచ్చినా ఒడ్డునే, ఎత్తు మీద ఆగండి. అందుకే ఒకరోజు ప్రయాణమైనా టార్చి, వానకు కప్పుకునే ప్లాస్టిక్ పట్టా, రెండు పూటలకు సరిపడా అటుకులు, తాగే నీళ్లు సంచిలో ఉండాల్సిందే. మధ్యాహ్నం రెండింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగండి. జలపాతం ఇంకో అరగంటే అన్నా సరే.

జలపాతం కింద గుండంలో ఈత వద్దు. కుంటాల దగ్గరైనా, బొగత దగ్గరైనా లోతు పైకి తెలియదు. సుడి పట్టుకుంటే ఈత అక్కరకు రాదు.

ఇంకొక ప్రమాదం గురించి బయటి ఊర్ల వాళ్లకు తెలియదు, చెప్పేవాళ్లూ తక్కువే. అడవి పందుల కోసం దొంగచాటుగా చెట్ల మధ్య సన్న తీగ కట్టి కరెంటు పెడతారు. 2024 ఫిబ్రవరిలో కాటారం దగ్గర అడవిలో మావోయిస్టుల కోసం గాలింపుకు వెళ్లిన గ్రేహౌండ్స్ పోలీసు కమాండో ఒకరు అలాంటి తీగ తగిలే చనిపోయారు. చీకటి పడ్డాక అడవి అంచున, చేన్ల పక్కన అడ్డదారిన నడవకండి. మోకాలి ఎత్తులో తీగ కనిపిస్తే కర్రతో కూడా కదిలించొద్దు, వచ్చిన దారినే వెనక్కి పోండి. వెంకటాపురం, వాజేడు వెనక కర్రెగుట్టల వైపు మాత్రం పోనే వద్దు. అక్కడ మావోయిస్టులు పెట్టిన మందుపాతరలు పేలి మనుషులు పోయారు.

భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టలకు పోతే బండ కొనలకు వేలాడే తేనెపట్లు చూసుకోండి. వాటి కింద పొగ, సెంటు వాసన, కేకలు పనికిరావు. ఈగలు లేస్తే నీళ్లలో మునగకుండా, ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తాలి. ఉరుము వినిపించగానే బండ నెత్తి మీంచి దిగిపోవాలి, ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు.

పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. ఉంగరం, కడియం తీసేసి, కరిచిన కాలు కదలకుండా కర్రకు కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుపోవాలి. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పే తెలియదు, నొప్పి లేదని ఆగిపోకండి. 108కి ఫోన్ కలవాలంటే సిగ్నల్ ఎక్కడి వరకు ఉందో పోయేటప్పుడే చూసుకోవాలి. విరుగుడు మందు ఉండే ప్రభుత్వాసుపత్రి ఎంత దూరమో కూడా ముందే అడిగి పెట్టుకోండి.

ఇంట్లో ఒక చీటీ రాసి పెట్టండి: ఏ ఊరి నుంచి అడవిలోకి దిగుతున్నారు, ఎందరు, బండి నంబరు, ఎన్నింటికి ఫోన్ రాకపోతే పోలీసులకు చెప్పాలి. అనుమతి లేని చోటైతే ప్రయాణం అక్కడే మానుకోండి. అనుమతి ఉన్నచోట ఊరి మనిషిని తోడు తీసుకోండి. నాట్ల రోజుల్లో ఒక రోజు కూలి వదులుకుని వస్తాడాయన. మొగులు చూసి “ఇయ్యాల వద్దు” అంటే, ఆ రోజు కూలి ఆయన చేతిలో పెట్టి బండి వెనక్కి తిప్పండి.